కొత్త కిడ్నీ క్షేమాన్ని పరీక్షల ద్వారా కనిపెట్టుకుని ఉండడం ఎలా?

కిడ్నీ మార్పిడి చేయించుకుని ఇంటికి వెళ్లే రోజున ఆసుపత్రివారు ఇచ్చే కాగితాల్లో మందుల చీటీతో పాటు రక్త, మూత్ర పరీక్షల జాబితా కూడా ఒకటి ఉంటుంది. మందుల చీటీని ఎవరూ పారేసుకోరు. పరీక్షల జాబితాను మాత్రం మొదటి ఆరు నెలలు శ్రద్ధగా పాటించి, మనిషి కోలుకుని పనిలో పడ్డాక, ఒంట్లో బాగానే ఉంది కదా అని నెమ్మదిగా పక్కన పెట్టేసేవారు చాలామంది ఉంటారు. మా తమ్ముడికి మా అమ్మ కిడ్నీ పెట్టిన నాటి నుంచి అతని రిపోర్టుల నోటుపుస్తకం రాస్తున్నది నేనే. మేము చేసిన పొరపాట్లతో సహా నేర్చుకున్నదంతా, ఇటీవల మార్పిడి జరిగినవారికీ వారిని చూసుకునే ఇంటివారికీ పనికివచ్చేలా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మందు మోతాదు మార్చడం, చికిత్స నిర్ణయించడం పూర్తిగా మీ నెఫ్రాలజిస్టు పని. సరైన సమయంలో తీసిన రక్తం, దాని వెనుక జరిగిన సంగతులన్నీ వారి ముందుకు చేరేలా చూడడం మన పని.

శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించే స్థితిని, అంటే అందరూ రిజెక్షన్ అనేదాన్ని, జ్వరం, కిడ్నీ పెట్టినచోట నొప్పి, మూత్రం తగ్గిపోవడం వంటి లక్షణాలతో గుర్తుపట్టవచ్చని చాలామంది అనుకుంటారు. ఇప్పటి మందులు వాడుతున్నవారిలో ఇవేవీ కనిపించకుండానే రిజెక్షన్ మొదలై చాలాదూరం వెళ్లిపోవడం మామూలు. 1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందం చేసిన, విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడిలో దాత, గ్రహీత అచ్చుగుద్దినట్టుండే కవలలు కనుక శరీరం ఆ కిడ్నీని పరాయిదిగా చూడలేదు. మిగిలిన మనందరి విషయంలో, కన్నతల్లి ఇచ్చిన కిడ్నీ అయినా సరే, రోగనిరోధక వ్యవస్థ దాన్ని ఎప్పటికీ పరాయిదిగానే గుర్తిస్తుంది. దాన్ని అణచి ఉంచే మందు తక్కువైతే రిజెక్షన్, ఎక్కువైతే ఇన్‌ఫెక్షన్లు, షుగరు, ఆ మందు వల్లే కిడ్నీకి దెబ్బ. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని దారిలో నడుస్తున్నామో లేదో చెప్పగలిగినవి పరీక్షలే.

ఒక నోటుపుస్తకం, అందులో మీ కిడ్నీ సొంత అంకె

రిపోర్టులను ఫైలులో పెట్టడం చాలదు, ఎందుకంటే ఫైలులో ఒక్కో అంకె ఒక్కో కాగితం మీద ఒంటరిగా ఉంటుంది. పొడుగాటి నోటుపుస్తకం తీసుకుని అడ్డంగా గీతలు గీసి, తేదీ, చివరి టాక్రోలిమస్ (రోగనిరోధక శక్తిని అణచి ఉంచే ముఖ్యమైన మందు) మోతాదు వేసుకున్న సమయం, రక్తం తీసిన సమయం, టాక్రోలిమస్ లెవెల్, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, తెల్లకణాలు, పొటాషియం, షుగరు, బీపీ, బరువు అని గడులు పెట్టండి. చివరన ఒక వెడల్పాటి గడిని ఖాళీగా ఉంచండి. ఆ వారంలో జరిగినవన్నీ, అంటే విరేచనాలు, జ్వరం, కొత్తగా వేసుకున్న మాత్ర, మారిన కంపెనీ, ప్రయాణం, తప్పిపోయిన మోతాదు, అందులో రాయాలి. మా అనుభవంలో డాక్టరు గారు అన్నిటికంటే ఎక్కువసేపు చూసింది ఆ చివరి గడినే.

ఆపరేషన్ తరువాత, కిడ్నీ వడగట్టి బయటికి పంపవలసిన క్రియాటినిన్ రక్తంలో దిగుతూ వచ్చి ఒకచోట నిలబడుతుంది. ఆ నిలబడిన అంకెను బేస్‌లైన్ అంటారు. దాన్ని నోటుపుస్తకం మొదటి పేజీలో ఎర్రసిరాతో రాసి పెట్టుకోండి. బతికి ఉన్న దాత నుంచి తీసిన కిడ్నీ సాధారణంగా కొద్దిరోజుల్లోనే ఈ స్థితికి వస్తుంది. ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్ ద్వారా బ్రెయిన్‌డెడ్ అయిన దాత కిడ్నీ పొందినవారిలో కొందరికి అది మేలుకోవడానికి సమయం పట్టి, మధ్యలో డయాలసిస్ కూడా అవసరం కావచ్చు కనుక వారి బేస్‌లైన్ ఆలస్యంగా తేలుతుంది. పక్క మంచం వారికి 0.9 ఉంటే మీకు 1.4 ఉందని దిగులుపడకండి. డెబ్బై కిలోల పురుషుడికి 1.4 మంచి అంకె కావచ్చు, నలభై కిలోల స్త్రీకి అదే అంకె దిగులు పెట్టేది కావచ్చు. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థం కాబట్టి కండ ఎక్కువ ఉన్నవారికి అది ఎక్కువే ఉంటుంది. అందుచేత మీ అంకెను మీ పాత అంకెతోనే పోల్చాలి, ల్యాబ్ కాగితం మీద పక్కన అచ్చయిన సాధారణ పరిమితితో కాదు. బేస్‌లైన్ 0.9 ఉన్న మనిషికి 1.2 వస్తే ల్యాబ్ దాన్ని సాధారణంగానే చూపించవచ్చు, కానీ అది మూడోవంతు పెరుగుదల.

క్రియాటినిన్ చెప్పేది, చెప్పనిది

కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో క్రియాటినిన్ పరీక్షకు ఒక క్రమం ఉంది. ఆసుపత్రిలో ఉన్న మొదటి వారం రోజూ, ఆ తరువాత నెల నిండేవరకు వారానికి రెండుమూడు సార్లు, రెండు, మూడు నెలల్లో వారానికి ఒకసారి, నాలుగు నుంచి ఆరు నెలల వరకు రెండు వారాలకు ఒకసారి, ఏడాది నిండేదాకా నెలకొకసారి, ఆ పైన జీవితాంతం రెండు మూడు నెలలకు ఒకసారి. మీ ఆసుపత్రి క్రమం దీనికి కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు, వారు చెప్పినదే పాటించండి. ఆఖరి మాటను మాత్రం గట్టిగా పట్టుకోండి. పదేళ్లు నిండినా మూడు నెలలు దాటకూడదు.

బేస్‌లైన్ కంటే 0.3 గానీ, సుమారు 20 నుంచి 25 శాతం గానీ పెరిగితే దాన్ని హెచ్చరికగా తీసుకోవాలి. అయితే పెరిగిన ప్రతిసారీ అది రిజెక్షన్ కాదు. నీళ్లు సరిగా తాగకపోవడం, వాంతులు విరేచనాలు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి బిళ్లలు, ముందురోజు రాత్రి దండిగా తిన్న మాంసం, ఇవన్నీ దాన్ని పెంచగలవు. మార్పిడి తరువాత న్యుమోనియా రాకుండా నెలల తరబడి ఇచ్చే కోట్రైమాక్సజోల్ మాత్ర, కిడ్నీ పనితనాన్ని తగ్గించకుండానే, క్రియాటినిన్ మూత్రంలోకి పోయే ఒక దారిని అడ్డుకుని రక్తంలో అంకెను కొంచెం పెంచుతుంది. ల్యాబ్ మారినా, కొలిచే పద్ధతి వేరైనా అంకె కదులుతుంది. అందుకే వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌కు వెళ్లడం మంచిది. ఊళ్లో చేయించక తప్పని పరిస్థితి వస్తే ఆ వరుసలో ల్యాబ్ పేరు కూడా రాసుకోండి.

క్రియాటినిన్‌కు పెద్ద లోపం ఏమిటంటే అది ఆలస్యంగా మాట్లాడుతుంది. కిడ్నీలో కొంతభాగం దెబ్బతిన్నా మిగిలిన భాగం ఆ పనిని నెత్తిన వేసుకుంటుంది కాబట్టి, అంకె కదిలేసరికి లోపల కొంత నష్టం జరిగిపోయి ఉంటుంది. దీనికోసమే ఇకమీద చెప్పబోయే పరీక్షలన్నీ పుట్టాయి.

టాక్రోలిమస్ లెవెల్‌కు రక్తం ఇచ్చే పద్ధతి

ఈ భాగాన్ని నిదానంగా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే ఇంట్లో మన చేతిలో ఉండి, ఎక్కువమంది తప్పు చేసే పరీక్ష ఇదే. టాక్రోలిమస్ మాత్ర వేసుకున్నాక ఒకటి నుంచి మూడు గంటల్లో రక్తంలో అది శిఖరానికి చేరి, ఆ తరువాత దిగుతూ వచ్చి, తరువాతి మోతాదుకు ముందు అన్నిటికంటే తక్కువకు వస్తుంది. డాక్టర్లు చూడాలనుకునేది ఆ అట్టడుగు అంకెను. కాబట్టి రోజుకు రెండుసార్లు వేసుకునేవారైతే రాత్రి మోతాదుకు సరిగ్గా 12 గంటల తరువాత, ఉదయం మోతాదు వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. రోజుకు ఒక్కసారే వేసుకునే నెమ్మదిగా విడుదలయ్యే రకమైతే 24 గంటలు కావాలి.

ఒకసారి మా తమ్ముడికి ఎప్పుడూ 7 ప్రాంతంలో ఉండే లెవెల్ 19 అని వచ్చింది. అందరం కంగారుపడ్డాం, మోతాదు తగ్గించమని చీటీ రాయబోతున్నారు కూడా. నోటుపుస్తకంలో సమయం గడి ఆ రోజు ఖాళీగా ఉండడం చూసి డాక్టరు గారు నిలదీస్తే, ల్యాబ్‌లో వరుస పొడుగ్గా ఉందని బయటికి వెళ్లి టీ తాగి, అలవాటు కొద్దీ దానితోపాటు మాత్ర వేసేసుకున్నానని వాడు చెప్పాడు. మరుసటి రోజు సరిగ్గా ఇచ్చిన రక్తంలో 6.8 వచ్చింది. ఆ తప్పుడు అంకెను నమ్మి మోతాదు సగం చేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయం వేస్తుంది. అప్పటి నుంచి ఉదయం మాత్రలను కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో పెట్టి, పైన ‘రక్తం ఇచ్చాకే’ అని రాస్తున్నాం. సూది తీసిన చోట దూది అద్దుకుని, బయట బల్ల మీద కూర్చుని అప్పుడు ఆ పొట్లం విప్పుతాడు.

ఉద్దానం నుంచి విశాఖకో, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో రాత్రి బస్సులో వచ్చేవారు వెనక నుంచి లెక్క వేసుకోవాలి. ల్యాబ్ 8 గంటలకు తెరిచి మీ వంతు 9కి వస్తుందనుకుంటే, ముందురాత్రి మోతాదు 9 గంటలకు బస్సులోనే వేసుకోవాలి. ఒక గంట అటూ ఇటూ అయినా మునిగిపోయేది ఏమీ లేదు, ఆ సమయాలను కాగితం మీద నిజంగా జరిగినట్టు రాస్తే చాలు.

మొదటి మూడు నెలల్లో చాలా ఆసుపత్రులు లెవెల్‌ను మిల్లీలీటరు రక్తానికి సుమారు 8 నుంచి 12 నానోగ్రాముల మధ్య, ఏడాది దాటాక 5 నుంచి 8 మధ్య ఉంచాలని చూస్తాయి. దాత ఎవరు, రిజెక్షన్ ప్రమాదం ఎంత, పక్కన ఏ మందులు ఉన్నాయి అనే వాటిని బట్టి మీ లక్ష్యం వేరుగా ఉండవచ్చు. ఆ లక్ష్యం ఎంతో డాక్టరు గారిని అడిగి మొదటి పేజీలో బేస్‌లైన్ కింద రాసుకోండి. కొందరికి ఎంత మోతాదు ఇచ్చినా లెవెల్ లేవదు. సీవైపీ3ఏ5 అనే ఎంజైమ్ చురుకుగా పనిచేసే జన్యువు ఉన్నవారిలో మందు త్వరగా విరిగిపోతుంది, వారికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు మోతాదు కావాలి. ఇది రోగి తప్పు కాదు, మాత్రలు సరిగా వేసుకోవడం లేదని అతన్ని అనుమానించవలసిన పనీ లేదు.

లెవెల్‌ను పెంచేవీ దించేవీ కొన్ని ఉన్నాయి. ఫ్లూకోనజోల్, వోరికోనజోల్ వంటి ఫంగస్ మందులు, క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, బీపీకి ఇచ్చే డిల్టియాజెమ్, వెరాపమిల్ పెంచుతాయి. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ దించుతాయి. క్షయ మన దగ్గర ఎక్కువ కనుక చివరిది ముఖ్యం. మార్పిడి సంగతి తెలియని చోట రిఫాంపిసిన్ మొదలుపెడితే కొద్దిరోజుల్లోనే లెవెల్ పాతాళానికి పడిపోయి రిజెక్షన్ రావచ్చు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, చివరికి పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా, మొదటి మాటగా కిడ్నీ మార్పిడి జరిగిందని చెప్పండి. పండ్లలో పంపరపనసను, దాని బంధువైన గ్రేప్‌ఫ్రూట్‌ను పూర్తిగా మానేయాలి. గోదావరి జిల్లాల్లో పెరటి చెట్టు నుంచి ప్రేమగా కోసిచ్చినా సరే వద్దనాలి, ఎందుకంటే అవి పేగులో ఈ మందును విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఆపేస్తాయి. తిప్పతీగ కషాయం వంటి రోగనిరోధక శక్తిని పెంచుతాయని చెప్పే నాటుమందులు కూడా వద్దు. మనం లక్షలు ఖర్చుపెట్టి అణచి ఉంచుతున్నది ఆ శక్తినే.

విరేచనాలు పట్టుకుంటే మందు బయటికి పోయి లెవెల్ పడిపోతుందని అందరూ అనుకుంటారు, జరిగేది ఎక్కువగా దానికి తిరుగుడుగా ఉంటుంది. పేగు లోపలి పొర దెబ్బతిని, మందును అక్కడే ఆపే ఎంజైమ్ పనిచేయక, మందు ఎక్కువగా రక్తంలోకి వెళ్తుంది. ఒక పెళ్లి భోజనం తరువాత తమ్ముడికి మూడు రోజులు విరేచనాలైతే లెవెల్ 14కు, క్రియాటినిన్ 1.2 నుంచి 1.6కు పెరిగాయి. ఒంట్లో నీరు తగ్గడం ఒక కారణం, మందు ఎక్కువై కిడ్నీ రక్తనాళాలను బిగించడం రెండో కారణం. సెలైన్ ఎక్కించి, డాక్టరు గారు మోతాదు కొన్నిరోజులు తగ్గించాక పదిరోజుల్లో అంకె 1.2కు తిరిగివచ్చింది. చేతులు వణకడం, తలనొప్పి, పొటాషియం పెరగడం కూడా మందు ఎక్కువైందని సూచించే గుర్తులు.

ఒక్కో లెవెల్‌ను విడిగా చూడడం ఎంత అవసరమో, వాటి ఊగిసలాటను చూడడం అంత అవసరం. మోతాదు మారకుండా ఉన్న కాలంలో ఆరేడు లెవెల్స్ పక్కపక్కన రాయండి. 7, 6.5, 7.8, 7.1 అని ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 4, 11, 5, 9.5 అని ఉంటే సగటు 7 దగ్గరే ఉన్నా కిడ్నీకి మంచిది కాదు. ఈ ఊగిసలాట సగటులో 30 శాతం దాటినవారిలో కిడ్నీ త్వరగా దెబ్బతింటున్నట్టు చాలా దేశాల అధ్యయనాల్లో కనిపించింది. కారణం చాలాసార్లు మామూలుది. వేళ తప్పడం, ఒకరోజు ఖాళీ కడుపుతో ఒకరోజు టిఫిన్ తరువాత వేసుకోవడం, నెలకొక కంపెనీ మాత్ర. ఆరోగ్యశ్రీ కింద గానీ మరో పథకం కింద గానీ మందులు తీసుకునేవారు డబ్బా చేతికి రాగానే కంపెనీ పేరు చూసుకోవాలి. మారితే అదే రోజు ఆసుపత్రికి చెప్పి, వారం పదిరోజుల్లో లెవెల్ పరీక్ష చేయించుకోవాలి.

మూత్రంలో ప్రొటీన్

దీనికి 24 గంటల మూత్రం పట్టే బాధ చాలాసార్లు అవసరం ఉండదు. ఉదయం ఒక్కసారి ఇచ్చిన మూత్రంలో ప్రొటీన్‌కూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి చూస్తే సరిపోతుంది. అది 0.2 లోపు ఉండడం మంచిది, 0.5 దాటి నిలిచి ఉంటే కారణం వెతకాలి. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ముందురోజు చేసిన భారీ వ్యాయామం తాత్కాలికంగా పెంచగలవు కనుక ఒక్కసారి పెరిగితే రెండు వారాల్లో మళ్లీ చూస్తారు. దీర్ఘకాలపు రిజెక్షన్, పాత కిడ్నీ జబ్బు కొత్త కిడ్నీలో తిరగబెట్టడం, ఈ రెండూ కొన్నిసార్లు క్రియాటినిన్ కదలకముందే ఇక్కడ కనిపిస్తాయి. మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, తరువాత కనీసం ఏడాదికొకసారి ఈ పరీక్ష ఉండాలి.

బీకే వైరస్‌ను వేరుగా కనిపెట్టుకుని ఉండాలి

1971లో కిడ్నీ మార్పిడి జరిగిన ఒక రోగి మూత్రంలో ఒక కొత్త వైరస్ దొరికింది. ఆ రోగి పేరులోని మొదటి అక్షరాలనే దానికి పెట్టారు. చిన్నతనంలోనే దాదాపు అందరికీ సోకి కిడ్నీలో నిద్రపోయే ఈ బీకే వైరస్, రోగనిరోధక శక్తి బాగా అణిగినప్పుడు లేచి కొత్త కిడ్నీని తినేస్తుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. క్రియాటినిన్ మెల్లగా పెరగడం ఒక్కటే కనిపిస్తుంది, పైకి చూస్తే అచ్చంగా రిజెక్షన్‌లా ఉంటుంది. తేడా అంతా చికిత్సలో ఉంది. రిజెక్షన్ అయితే మందులు పెంచాలి, బీకే అయితే తగ్గించాలి. ఒకదాన్ని మరొకటిగా పొరబడితే కిడ్నీ చేజారిపోతుంది.

రక్తంలో ఆ వైరస్ ఎంత ఉందో కొలిచే బీకే పీసీఆర్ పరీక్షను మొదటి ఆరు నెలలు నెలకొకసారి, ఆ పైన మూడు నెలలకొకసారి చేయించడం చాలాచోట్ల ఆనవాయితీ. కారణం తెలియకుండా క్రియాటినిన్ పెరిగినప్పుడల్లా అదనంగా ఒకసారి చేయించాలి. మిల్లీలీటరుకు 10,000 కాపీలు దాటి నిలిస్తే కిడ్నీకి దెబ్బ తగులుతున్నట్టు భావించి డాక్టర్లు చర్య తీసుకుంటారు. ఈ పరీక్ష కొంచెం ఖరీదైనదని వాయిదా వేయకండి, పైన చెప్పిన కారణం చేత. సైటోమెగలో వైరస్ సంగతి కూడా ఇలాంటిదే. ఆ వైరస్ రాకుండా ఇచ్చే వాల్‌గాన్‌సిక్లోవిర్ మాత్రలు ఆపిన తరువాతి నెలల్లో జ్వరం, తెల్లకణాలు తగ్గడం కనిపిస్తే దాని పీసీఆర్ అడగాలి.

దాతకు వ్యతిరేకంగా పుట్టే యాంటీబాడీలు

మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు ఉంటాయి. దాత గుర్తులను పట్టుకునే యాంటీబాడీలు గ్రహీత రక్తంలో పుడితే వాటిని డీఎస్‌ఏ అంటారు. మార్పిడికి ముందు ఇవి ఉన్నాయో లేదో, దాత కణాలను గ్రహీత రక్తంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షతో పాటు చూసే ఉంటారు. రక్తం ఎక్కించుకున్నవారికి, గర్భం దాల్చిన స్త్రీలకు, ఇది రెండో మార్పిడి అయినవారికి ముందే ఉండే అవకాశం ఎక్కువ. భర్త కిడ్నీ ఇస్తున్నప్పుడు, భార్య అతని బిడ్డలను మోసి ఉంటే ఈ సంగతిని ప్రత్యేకంగా పట్టించుకుంటారు.

మార్పిడి తరువాత కొత్తగా పుట్టేవి మరో రకం. మందు తరచూ తప్పినవారిలో, లెవెల్ ఊగిసలాడేవారిలో ఇవి ఎక్కువగా పుడతాయి, అందులోనూ డీక్యూ అనే గుర్తుకు వ్యతిరేకంగా పుట్టేవి ఎక్కువ. క్రియాటినిన్ మామూలుగా ఉన్న కాలంలోనే ఇవి వచ్చి, నెలలూ ఏళ్లూ కిడ్నీ రక్తనాళాలను సన్నగా కొరుకుతూ ఉండగలవు. మందులు తగ్గించినప్పుడు, మోతాదులు తప్పినట్టు తేలినప్పుడు, ప్రొటీన్ లేదా క్రియాటినిన్ పెరిగినప్పుడు ఈ పరీక్ష అవసరమా అని డాక్టరు గారిని అడగండి. రిపోర్టులో ఎంఎఫ్‌ఐ అనే అంకె ఉంటుంది. అది ఎక్కువగా ఉంటే యాంటీబాడీ బలంగా ఉందని స్థూలంగా చెప్పవచ్చు గానీ, ఒక ల్యాబ్ అంకెను మరో ల్యాబ్ అంకెతో పోల్చకూడదు. రిపోర్టు చూపించేటప్పుడు దాత హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ కాగితం కూడా తీసుకువెళ్లాలి, అది లేకుండా దొరికిన యాంటీబాడీ దాతకు సంబంధించిందో కాదో ఎవరూ చెప్పలేరు. ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులా దాచండి.

రక్తంలో దాత డీఎన్‌ఏ

ఇది కొత్త తరం పరీక్ష. శరీరంలో చనిపోయే ప్రతి కణమూ తన డీఎన్‌ఏ ముక్కలను రక్తంలోకి వదులుతుంది. కొత్త కిడ్నీ కణాలు చనిపోతే దాత డీఎన్‌ఏ బయటపడుతుంది. హాంకాంగ్ శాస్త్రవేత్త డెన్నిస్ లో బృందం 1998లో, పురుషుల అవయవం పొందిన స్త్రీల రక్తంలో, మగవారికే ఉండే వై క్రోమోజోమ్ ముక్కలు ఉన్నట్టు చూపించినప్పుడు ఈ దారి తెరుచుకుంది. రక్తంలో కణాల బయట తేలుతున్న మొత్తం డీఎన్‌ఏలో దాతది ఎంత శాతమో ఇప్పుడు కొలుస్తున్నారు. నిలకడగా ఉన్న కిడ్నీలో అది ఎక్కువగా 0.5 శాతం లోపు ఉంటుంది, 1 శాతం దాటితే లోపల గాయం జరుగుతోందని అనుమానిస్తారు. ఈ ముక్కలు రక్తంలో కొన్ని గంటలకు మించి నిలవవు కనుక, ఈ అంకె ఆ రోజు స్థితినే చూపిస్తుంది.

డబ్బు పెట్టేముందు దీని హద్దులు తెలుసుకోవాలి. ఇది గాయాన్ని చూపిస్తుంది గానీ గాయం ఎందుకైందో చెప్పదు. బీకే వైరస్ కూడా దీన్ని పెంచగలదు. యాంటీబాడీల వల్ల వచ్చే రిజెక్షన్‌ను బాగా పట్టుకుంటుంది గానీ రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల వల్ల వచ్చే తేలికపాటి రిజెక్షన్‌ను కొన్నిసార్లు వదిలేస్తుంది. ఆపరేషన్ తరువాత మొదటి రెండు వారాల్లో, ఇటీవల రక్తం ఎక్కించుకున్నప్పుడు, గర్భవతిగా ఉన్నప్పుడు ఫలితాన్ని నమ్మడం కష్టం. ఒంట్లో పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉంటే మన సొంత డీఎన్‌ఏ పెరిగి దాత శాతం అబద్ధంగా తక్కువ కనిపించవచ్చు. రక్తాన్ని ప్రత్యేకమైన గొట్టంలో తీయాలి కాబట్టి ఆ ఏర్పాటు ఉందో లేదో ముందే అడగండి. నా అభిప్రాయంలో, అంకెలన్నీ నిలకడగా ఉన్న మనిషి ఊరికే కుతూహలం కొద్దీ చేయించుకోవలసిన పరీక్ష కాదిది. క్రియాటినిన్ కొంచెం పెరిగి బయాప్సీ (సూదితో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూడడం) చేయాలా వద్దా అనే సందిగ్ధంలోనూ, డీఎస్‌ఏ కనిపించినప్పుడు అది కిడ్నీని గాయపరుస్తోందా అని తేల్చుకోవడానికీ దీనికి విలువ ఉంది. మూత్రంలో సీఎక్స్‌సీఎల్9, సీఎక్స్‌సీఎల్10 అనే ప్రొటీన్లను చూసే పరీక్షలు కూడా పరిశోధనల్లో మంచి ఫలితాలు ఇస్తున్నాయి.

అంకె మారిన రోజున చేయవలసినది

ముందు రిపోర్టు మీద పేరు, తేదీ చూసి, రక్తం సరైన సమయంలో తీశారో లేదో నోటుపుస్తకంలో సరిచూసుకోండి. చివరి గడిలో ఆ వారం ఏం రాసి ఉందో చదవండి. ఆ తరువాత, ఇదంతా చూశాం కదా అని ఆగిపోకుండా, అదే రోజు ఆసుపత్రిలోని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కు ఫోన్ చేయండి. ఫోన్‌లో ‘క్రియాటినిన్ పెరిగింది’ అని మాత్రమే చెబితే అవతలివారికి ఏమీ తెలియదు. ‘బేస్‌లైన్ 1.2, పోయిన నెల 1.2, ఇవాళ 1.6, టాక్ లెవెల్ 4.1, రాత్రి 9కి వేసుకుని ఉదయం 9కి రక్తం ఇచ్చాం, జ్వరం విరేచనాలు లేవు, రెండు వారాల క్రితం మాత్ర కంపెనీ మారింది’ అని చెబితే సగం పని ఫోన్‌లోనే అవుతుంది. లెవెల్ తక్కువగా ఉండి క్రియాటినిన్ పెరిగితే రిజెక్షన్ వైపు, లెవెల్ ఎక్కువగా ఉండి పెరిగితే మందు దెబ్బ వైపు అనుమానం మొగ్గుతుంది. అది అనుమానమే కనుక ఇంట్లో మీరే మోతాదు మార్చకండి. మళ్లీ రక్తపరీక్ష, మూత్ర కల్చర్, కిడ్నీలో రక్తం పారే తీరును చూసే డాప్లర్ స్కాన్, బీకే, డీఎస్‌ఏ వరుసగా చూసి, అవసరమైతే బయాప్సీకి వెళ్తారు.

బయాప్సీ అనగానే చాలామంది భయపడి వారాలు వాయిదా వేస్తారు. కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన, చర్మానికి దగ్గరగా పెడతారు కనుక, అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ ఆ చోట మత్తు ఇచ్చి సన్నని సూదితో చిన్న ముక్క తీయడం, సొంత కిడ్నీకి వెనక నుంచి చేసేదానికంటే తేలిక. ఆ తరువాత కొన్ని గంటలు కదలకుండా పడుకోవాలి, మూత్రంలో రక్తం ఎక్కువగా కనిపిస్తే వెంటనే చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే వాటిని ఎన్నిరోజుల ముందు ఆపాలో ముందుగానే అడగాలి. 1991లో కెనడాలోని బాన్ఫ్ పట్టణంలో నిపుణులు కూర్చుని మొదలుపెట్టిన వర్గీకరణ ప్రకారం పాథాలజిస్టు ఆ ముక్కను చదివి, టీ కణాల రిజెక్షనా, యాంటీబాడీల రిజెక్షనా, బీకే వైరసా, మందు దెబ్బా అని తేలుస్తారు. మొదటిదానికి సాధారణంగా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, రెండోదానికి ప్లాస్మా మార్పిడి వంటి వేరే చికిత్సలు, మూడోదానికి మందుల తగ్గింపు, నాలుగోదానికి మోతాదు సవరణ. ఒకే అంకె వెనుక నాలుగు వేర్వేరు దారులు ఉన్నాయి కనుక ఆ ముక్క అవసరమవుతుంది.

చికిత్స పూర్తయ్యాక క్రియాటినిన్ ఒక్కోసారి పాత అంకెకే తిరిగివస్తుంది, ఒక్కోసారి కొంచెం పైన నిలుస్తుంది. ఎక్కడ నిలిచిందో డాక్టరు గారిని అడిగి, నోటుపుస్తకం మొదటి పేజీలో పాత బేస్‌లైన్‌ను కొట్టివేయకుండా దాని కిందే కొత్త అంకెను, ఆ రోజు తేదీని, బయాప్సీలో ఏమని తేలిందో ఒక్క వాక్యంలో రాసి పెట్టండి.